ఎవరూ ముట్టని మూట

ఆడవాళ్ల చేతిలో పడిన డబ్బు గురించి మగవాళ్లు ఎన్ని హాస్యాలైనా ఆడనివ్వండి, ఒక్క సంగతి మాత్రం వాళ్లు ఒప్పుకోక తప్పదు. ఇంట్లో ఎవరికీ తెలియకుండా పదో పరకో దాచగలిగేది మనమే. పోపులపెట్టెలో మెంతుల కింద, పట్టుచీర మడతలో, దేవుడి గూట్లో పటం వెనకాల... ఈ మూడు బ్యాంకులకూ తాళాలుండవు, పాసుపుస్తకాలుండవు. అయితే ఆ దాచిన సొమ్ము ఎన్నాళ్లు అలా పడి ఉంటుంది? పండగ వచ్చిందనో, పిల్లాడి ఫీజు కట్టాలనో, అల్లుడుగారు వస్తున్నారనో చెయ్యి అటు వెళ్లనే వెళుతుంది. డబ్బు దాచడం పెద్ద కష్టం కాదు. దాచినదాన్ని ముట్టకుండా ఉండటమే కష్టం.

అంచేత ఎక్కడైనా ఎవరైనా కొండంత సొమ్మును ఏళ్ల తరబడి ముట్టలేదని వింటే నాకు ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే అనుమానం కలుగుతాయి. ముట్టదలచుకోలేదా? ముట్టలేకపోయారా? లేక ముట్టవలసిన మనిషే లేకుండా పోయాడా?

ఈ రోజుల్లో ఈ ప్రశ్న ఎక్కువగా వినపడేది బిట్‌కాయిన్ విషయంలో. చేతికి తగలని, కంప్యూటర్లలోనే బతికే ఆ నాణేన్ని పుట్టించిన వ్యక్తి సతోషీ నకమోతో అని పేరు పెట్టుకున్నాడు. అది ఒక మనిషి పేరో, నలుగురు కలిసి పెట్టుకున్న పేరో ఇప్పటికీ తేలలేదు. 2008 అక్టోబరు 31న తన ఆలోచనను తొమ్మిది పేజీల్లో రాసి లోకం ముందు పెట్టాడు. 2009 జనవరి 3న మొదటి నాణేలు పుట్టించాడు. 2011 వచ్చేసరికి మాటా పలుకూ లేకుండా తప్పుకున్నాడు. మొదటి రోజుల్లో ఆయన వాటాకు చేరిన నాణేలు పది, పదకొండు లక్షల దాకా ఉంటాయని లెక్కలు కట్టినవాళ్లు అంటారు. ఆ నాణేలు మొత్తం కలిపి ఎన్నటికీ 2 కోట్ల 10 లక్షలకు మించకూడదని నియమం. అంటే ఇంచుమించు ఇరవయ్యో వంతు ఒక్కరి మూటలోనే ఉందన్నమాట! దాని లెక్కల పుస్తకం లోకమంతా చూసేలా తెరిచే ఉంటుంది. ఎవరి మూట కదిలినా అందరికీ తెలుస్తుంది. మొదట్లో పరీక్ష కోసం హాల్ ఫిన్నీ అనే ఆయనకు పంపిన పది నాణేల వంటివి తప్ప, ఆ మూట కదిలిన జాడ లేదు.

ఇంత సొమ్ముంటే దానికి చుట్టాలు పుట్టుకు రాకుండా ఉంటారా? ఆస్ట్రేలియాకు చెందిన క్రెయిగ్ రైట్ అనే ఆయన ఆ సతోషీని నేనే అని ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. ఆ గొడవ లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 2024 మార్చిలో జడ్జిగారు ఆయన సతోషీ కాదని తేల్చేశారు. మూట మాత్రం అలాగే ఉంది.

అందరూ దీన్ని ఎన్నడూ వినని వింతగా చెప్పుకుంటున్నారు గానీ, మన తెలుగువాళ్లకు ఇది అంత కొత్త కాదు. అదే లండన్ హైకోర్టు, అంతకు నాలుగున్నరేళ్ల ముందు, ఇలాంటిదే మరో మూట ముడి విప్పింది. అది 71 ఏళ్ల పాటు ఎవరూ ముట్టని మూట. దాని మీద హైదరాబాదు పేరుంది. మా ఆర్మూరు లాంటి ఊళ్లవాళ్లు అందులో మాదీ ఒక చెయ్యి ఉందని అనుకోవడానికి కొంత కారణం కూడా ఉంది.

మాది పసుపు ఊరు. సంక్రాంతి దాటిందంటే పసుపు తవ్వి, ఉడకబెట్టి, కల్లాల్లో ఆరబోస్తారు. కొమ్ములు వేరు, మండలు వేరు చేసి సంచులకెత్తుతారు. తొమ్మిది నెలల పంట మరి. కొన్ని సంచులు నేరుగా నిజామాబాదు మార్కెట్ యార్డుకు వెళతాయి. కొన్ని మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతాయి. ధర నచ్చనివి కోల్డుస్టోరేజీలో కూర్చుంటాయి. అలా కూర్చున్న సంచి కూడా ముట్టని మూటే. కాకపోతే దాని సంగతి సులువు. సొంతదారు ఎవరో తెలుసు, ఆయన చేతిలో రసీదుంటుంది. ఎందుకు కూర్చుందో తెలుసు, ధర రాగానే లేస్తుంది. లండన్ మూటకు ఈ రెండూ లేకపోవడమే దాని కథ.

ఆ మూట వెనక ఉన్న రాజుగారి వంశం పేరు మా వేపు ఎటు చూసినా కనబడుతుంది. ఇందూరు అన్న పాత పేరు మీద నిజామాబాదు అన్న పేరు వచ్చి కూర్చుంది. మంజీర మీద 1923 నుంచి 1931 వరకు కట్టిన ఆనకట్ట నిజాంసాగర్. బోధన్‌లో మన చెరకు తిని చక్కెర పోసిన ఫ్యాక్టరీ నిజాం షుగర్స్. 2015లో అది మూతపడినా పేరు మాత్రం జనం నోట్లో అలాగే ఉంది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కారు. 1937 ఫిబ్రవరిలో అమెరికా వాళ్ల 'టైమ్' పత్రిక ఆయన బొమ్మను అట్ట మీద వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడు ఈయనేనని చాటింది. ఆయన ఐశ్వర్యం గురించి, అంతకు మించి ఆయన పిసినారితనం గురించి కథలు కోకొల్లలు. 184 క్యారెట్ల పైచిలుకు ఉన్న జాకబ్ వజ్రం తండ్రిగారి పాదరక్షలో దొరికిందనీ, దాన్ని ఆయన కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నారనీ చెబుతారు. మనమైతే ఆ వజ్రం పెట్టుకు వెళ్లడానికి ఏ పెళ్లో పేరంటమో వెతుక్కుని ఉండేవాళ్లం! చివరికి ఆ వజ్రంతో సహా 173 నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొనేసింది.

డబ్బున్న చోట కథలు ఎలా ఊరతాయో చెప్పడానికి ఇంకొకటి. 1965లో దేశ రక్షణ కోసం నిజాం 5 టన్నుల బంగారం దానం చేశారని ఈనాటికీ చెప్పుకుంటారు. సమాచార హక్కు కింద అడిగితే బయటపడ్డ లెక్క వేరు. ఆయన ఇచ్చింది 425 కిలోలు. అదీ దానం కాదు, ఆరున్నర శాతం వడ్డీ వచ్చే బంగారు బాండ్లలో పెట్టిన పెట్టుబడి. 425 కిలోలంటే తక్కువేమీ కాదనుకోండి. కానీ నోటి లెక్కకూ కాగితం లెక్కకూ ఎంత దూరమో చూశారా? లండన్ మూట విషయంలోనూ కాగితాన్ని వదలకుండా పట్టుకోవడమే మంచిది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వతంత్రం వచ్చినా హైదరాబాదు సంస్థానం మాత్రం ఇండియాలో చేరలేదు. నవంబరులో ఏడాదికని యథాతథ ఒడంబడిక ఒకటి రాసుకున్నారు. ఆ ఏడాది ఎలా గడిచిందో మా పెద్దవాళ్ల తరం మరచిపోలేదు. కాశిం రజ్వీ రజాకార్ల ఆగడాలు, ఊళ్లొదిలి పోవడాలు, జైళ్లు. మా నిజామాబాదు ఖిల్లా జైల్లో దాశరథి కృష్ణమాచార్యగారు, వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఖైదీలుగా ఉన్న కాలమది. దాశరథిగారు పళ్లు తోముకునే బొగ్గుతో జైలు గోడ మీద నిజాంను తిడుతూ పద్యం రాశారు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి వచ్చింది. 17వ తేదీన నిజాం లొంగిపోయారు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. సరిగ్గా మూడు రోజుల తరవాత, సెప్టెంబరు 20న, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఒక చిన్న పని జరిగింది. హైదరాబాదు ప్రభుత్వం ఖాతాలో ఉన్న 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతుల్లా పేరున ఉన్న ఖాతాలోకి మారాయి. మార్పించినవారు నిజాం ప్రభుత్వంలో ఆర్థిక, విదేశాంగ వ్యవహారాలు చూసిన నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్. అప్పటికి ఆయన హైదరాబాదులో లేరు. ఐక్యరాజ్యసమితి భద్రతా సమితి ముందు హైదరాబాదు తరఫున మొర పెట్టుకోవడానికి యూరప్ వెళ్లి ఉన్నారు.

అప్పటి లెక్కలో పౌనుకు 13 రూపాయల 5 అణాల చిల్లర. అంటే మన రూపాయల్లో 1 కోటీ 34 లక్షల పైమాటే. ఇది 1948 నాటి కోటి అని గుర్తుంచుకోండి.

దీన్ని మన ఇళ్ల భాషలో చెప్పుకుందాం. ఇల్లు చేతులు మారే గడియ. వాకిట్లో జనం, లోపల గందరగోళం. యజమాని తల పట్టుకు కూర్చున్నాడు. అంతలో పెరటి వేపు నుంచి మునీమ్‌గారు నగల పెట్టెను గోడ మీదుగా పక్కింటివాళ్లకు అందించేశాడు. ఎందుకందించాడు? యజమాని చెప్పాడనా? గొడవ సద్దుమణిగేదాకా దాచిపెట్టమనా? పక్కింటివాళ్లకు ఉన్న పాత బాకీ తీర్చడానికా? లేక, ఎలాగూ కొత్తవాళ్ల పాలవుతుంది, వాళ్లకు దక్కేకంటే మీరే ఉంచుకోండనా? ఈ నాలుగు ప్రశ్నల చుట్టూనే రెండు దేశాలు, ఒక బ్యాంకు, ఒక రాజవంశం 71 ఏళ్లు తిరిగాయి.

సెప్టెంబరు 27న నిజాం దగ్గర్నుంచి బ్యాంకుకు కబురు వెళ్లింది. ఆ సొమ్ము నా అనుమతి లేకుండా మార్చారు, తిరిగి నా ఖాతాలో వెయ్యండి అని దాని సారాంశం. బ్యాంకు వాళ్లు ఇప్పుడా డబ్బు రహీంతుల్లాగారి పేరున ఉంది, ఆయన ఒప్పుకుంటే తప్ప మేమేమీ చెయ్యలేమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అసలు కబురు పంపింది నిజామేనా, పక్కన సైనిక గవర్నరు కూర్చుని పంపించాడా అని పాకిస్తాన్ వేపు వాళ్ల అనుమానం. నిజాంకు నిజంగానే ముందు తెలియదా, తెలిసి కూడా అవతల పడ్డాక తెలియదన్నారా అని మనలాంటివాళ్ల అనుమానం. ఆ వారం రోజుల్లో ఆయన మనసులో ఏముందో ఆయనకే తెలియాలి.

1954లో నిజాం లండన్‌లో దావా వేశారు. కింది కోర్టు ఒకటంటే, పై కోర్టు మరొకటంది. చివరికి 1957 నవంబరులో లార్డ్సు సభ తీర్పు చెప్పింది. ఒక స్వతంత్ర దేశాన్ని, ఆ దేశం ఒప్పుకోకుండా, మరో దేశపు కోర్టులోకి ఈడ్చకూడదు. అది అంతర్జాతీయ మర్యాద. సొమ్ము పాకిస్తాన్ ప్రతినిధి పేరున ఉంది గనక కేసు నడవదు, అంతే. సొమ్ము ఎవరిదన్న ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. డబ్బును ముట్టనట్టే ప్రశ్ననూ ముట్టకుండా పక్కన పెట్టేశారు.

దాంతో అసలైన చిక్కుముడి పడింది. నిజాం వెళ్లి అడిగితే, కాగితం మీద మీ పేరు లేదంటుంది బ్యాంకు. పాకిస్తాన్ వెళ్లి అడిగితే, మీకు ఇచ్చాక అసలువాళ్లు వచ్చి మా మెడ మీద కూర్చుంటే ఏం చెయ్యాలంటుంది. పాకిస్తాన్ కోర్టుకెక్కి అడగవచ్చు. కానీ తనంత తాను కోర్టుకెక్కితే ఆ మర్యాద తాలూకు రక్ష తొలగిపోతుంది, అవతలివాళ్లు కూడా అడిగే హక్కు తెచ్చుకుంటారు. అందుకని ఎవరూ కదల్లేదు. రెండు తాళంచెవులున్న పెట్టె లాంటిది అది. ఒకటి ఒకరి మొల్లో ఉంది, రెండోది రెండోవారి మొల్లో ఉంది, ఇద్దరికీ మాటల్లేవు. మధ్యలో 2008లో మన ప్రభుత్వం కోర్టు బయట రాజీ పడదామని నిర్ణయించింది గానీ, ఆ రాజీ కుదరలేదు.

ఈలోగా లోకం ఎంత మారిందో చూడండి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే పటంలోంచి పోయింది. నిజాం 1963లో ఆ సొమ్ము మీద తన హక్కును ఇద్దరు మనవలు ముకర్రం జా, ముఫఖం జాల కోసం ఒక ట్రస్టుకు రాశారు. 1965లో భారత రాష్ట్రపతి పేరున కూడా ఒక కాగితం రాసిచ్చారు. ఒకే సొమ్ముకు రెండు కాగితాలు. మళ్లీ చిక్కే! 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు మరో బ్యాంకుతో కలిసి నేషనల్ వెస్ట్‌మినిస్టర్ అయింది. 1971లో ఇంగ్లండులో షిల్లింగులే రద్దయ్యాయి. మన మూట చివరనున్న 9 షిల్లింగులు 45 పెన్నీలుగా మారిపోయాయన్నమాట. అదే ఏడాది రాజభరణాలు పోయాయి, పాకిస్తాన్ రెండు ముక్కలైంది. 2014లో తెలంగాణ వచ్చింది. రాజు పోయాడు, రాజ్యం పోయింది, నాణెం పోయింది, బ్యాంకు పేరు మారింది. ఖాతా మాత్రం ఉంది.

చిత్రమేమిటంటే, చివరికి ముడి విప్పింది పాకిస్తానే. 2013లో తానే కోర్టుకు వెళ్లి, ఆ సొమ్ము మాకిప్పించండని బ్యాంకు మీద దావా వేసింది. అలా గడప దాటి లోపలికి రాగానే పాత రక్ష తొలగిపోయింది. తరవాత పొరపాటు గ్రహించి దావా వెనక్కు తీసుకుంటామంది. 2015లో కోర్టు కుదరదంది. ఇన్నేళ్లూ కాచుక్కూర్చున్న భారత ప్రభుత్వం, ఇద్దరు మనవలు లోపలికి వచ్చారు. రెండు కాగితాల గొడవ బయటపడకుండా వాళ్లు 2018లో తమలో తాము ఒక ఒప్పందానికి వచ్చి, ఒక్కటై నిలబడ్డారు. ఎవరికెంత అన్నది గుట్టుగానే ఉంచుకున్నారు.

2019 జూన్‌లో రెండు వారాల పాటు విచారణ జరిగింది. పాకిస్తాన్ వాదన ఏమిటంటే, ఆ డబ్బు ఆయుధాల ఖరీదని. ఇది గాలి కబురేమీ కాదు. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానచోదకుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో హైదరాబాదు సంస్థానానికి తుపాకులు చేరవేసిన మాట నిజం. అయితే ఆ తుపాకులకూ ఈ సొమ్ముకూ లంకె ఏదీ? 1948 కాగితాలన్నీ తిరగేసిన జడ్జి మార్కస్ స్మిత్‌గారు, లంకె లేదన్నారు. ఆ సొమ్మును ఇండియా చేతికి చిక్కకుండా జాగ్రత్త పెట్టమని ఇచ్చారే తప్ప, ఖరీదుగానో కానుకగానో ఇవ్వలేదని తేల్చారు. దాచమని ఇచ్చిన సొమ్ము దాచినవారిది కాదు, ఇచ్చినవారిది. నిజాంది, ఆయన తరవాత ఆయన హక్కు పొందినవారిది. 2019 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, ఆ తీర్పు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో సొమ్ము లండన్‌లోని మన హైకమిషన్‌కు చేరింది. మిగతా వారసులు కొందరు మాకూ వాటా ఉందని వచ్చారు గానీ, 2020లోనే కోర్టు వారి మాట కాదంది.

డబ్బు మారిన రోజున ముకర్రం జాకు 14 ఏళ్లు, ముఫఖం జాకు 9 ఏళ్లు. తీర్పు వచ్చేనాటికి ఒకరికి ఎనభై అయిదు నిండాయి, రెండోవారికి ఎనభై. ముకర్రం జా ఒకప్పుడు ఆస్ట్రేలియాలో గొర్రెల పొలం కొనుక్కుని, ఆస్తి చాలావరకు కరిగిపోయి, ఇస్తాంబుల్‌లో శేషజీవితం గడిపారు. 2023 జనవరి 14న అక్కడే పోయారు. హైదరాబాదు మక్కా మసీదులో ఖననం చేశారు. తాతగారి మూట చేతికందేసరికి మనవడి జీవితం దాదాపు అయిపోయింది.

ఇంతకూ ఆ మూట ఎంత పెరిగింది? 10 లక్షల పౌన్లు 3 కోట్ల 50 లక్షలయ్యాయి. మన డబ్బులో అప్పటికి 300 కోట్ల పైన. వినగానే నోరు తెరుస్తాం. కానీ పెన్సిలు పట్టుకుని లెక్క కట్టి చూడండి. 71 ఏళ్లలో 35 రెట్లు అంటే ఏడాదికి సగటున 5 శాతం చిల్లర వడ్డీ, పద్నాలుగేళ్లకోసారి రెట్టింపు. ఇంగ్లండులో ధరలు కూడా ఆ 71 ఏళ్లలో ఇంచుమించు అన్ని రెట్లే పెరిగాయి. అంటే 1948లో ఆ సొమ్ముతో ఎంత రొట్టె వచ్చేదో 2019లోనూ అంతే వచ్చేది. మూట లావెక్కింది గానీ బరువెక్కలేదు. అదే సొమ్ము ఆనాడు బంగారంలో పెట్టి ఉంటే వంద రెట్లకు పైనే అయ్యేది. బంగారం కొందామంటే ఇంట్లో మన మాట వినరు గానీ, ఈ లెక్క ఒకసారి చూపించండి!

ఇక నాకు అసలు తోచిన సంగతి చెబుతాను. ఇంత పెద్ద కేసులో వాదించినవాళ్లు పాకిస్తాన్, భారత ప్రభుత్వం, నిజాం మనవలు, బ్యాంకు. మొదటినుంచీ ప్రశ్న ఒక్కటే, ఈ సొమ్ము ఇచ్చినవాడిదా, పుచ్చుకున్నవాడిదా అని. ఇచ్చినవాడి దగ్గరకు అది ఎలా వచ్చింది అన్నది అక్కడ ప్రశ్నే కాదు. నిజాం రాజ్యంలో రెండు రకాల ఆస్తులుండేవి. రాజుగారి సొంత జాగీరు సర్ఫేఖాస్, ప్రభుత్వానిది దివానీ. లండన్ ఖాతా ప్రభుత్వం పేరున ఉన్న ఖాతా. ప్రభుత్వ ఖజానా ఎలా నిండేది? భూమి శిస్తుతో, ఆబ్కారీతో, సరిహద్దు దాటే సరుకు మీద వేసే కరోడ్‌గిరీ సుంకంతో. అంటే మంజీర కింద వరి పండించినవాడు, మా వేపు పసుపు తవ్వినామె, ఈత కల్లు గీసినవాడు, బండి కట్టుకుని సరుకు తోలినవాడు తలా ఒక అణా వేశారు. పసుపు తవ్వకంలో వంగే నడుము ఎప్పుడూ ఎక్కువగా ఆడదానిదే. ఆ ఖజానాలోంచే కదా ఆ 9 షిల్లింగులూ వచ్చింది!

కోర్టు తప్పు చేసిందని నేననడం లేదు. కోర్టు తన ముందు నిలబడ్డవాళ్ల తగవు తీరుస్తుంది. మూట నింపినవాళ్లు ఎవరూ ఆ గుమ్మంలో నిలబడలేదు, నిలబడే దారీ లేదు. భారత ప్రభుత్వానికి చేరిన వాటా మనకు చేరినట్టేనని సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోవాలి కూడా. కానీ ఆ ఒప్పందంలో వాటాలు ఎంతెంతో బయట పెట్టలేదు గనక, మనకు చేరింది ఎంతో చెప్పుకోవడానికి లేదు. 1948లో ఆ సొమ్ము హైదరాబాదులో ఉండిపోయి ఉంటే ఎన్ని బడులయ్యేవో, ఎన్ని చెరువులకు మరమ్మతులయ్యేవో ఊహించుకుంటే మనసు చివుక్కుమంటుంది. ముట్టని సొమ్ము పోలేదని సంతోషిస్తాం గానీ, డెబ్భై ఒక్క ఏళ్లు ఎవరి కడుపూ నింపని సొమ్ము కూడా ఒక రకంగా పోయినట్టే.

సతోషీ మూట సంగతీ అంతేనేమో. ఆయన విరక్తితో ముట్టలేదని కొందరు, పోయాడని కొందరు, తాళం మాట మరిచాడని కొందరు. ముట్టకపోవడాన్ని మనం త్యాగమనుకుంటాం. నిజాం సొమ్ము కథ చూశాక నాకలా అనిపించడం లేదు. డబ్బు కదలకుండా ఉందంటే అక్కడ ఏదో ఒక నోరు మూతపడిందన్నమాటే. ఒక మనిషిదో, ఒక కాగితానిదో.

ఇదంతా రాజుల గోల, మనకెందుకంటారా? మన రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం, పదేళ్లకు పైగా ఎవరూ అడగక దాని ప్రత్యేక నిధికి చేరిన డిపాజిట్లు 2024 మార్చి చివరికి 78,213 కోట్ల రూపాయలు. నిజాం మూటలాంటివి రెండు వందలకు పైనే అన్నమాట! వీటిలో రాజుల సొమ్ము ఎంతుంటుంది చెప్పండి? పోయిన తండ్రి పేరున ఉన్న ఫిక్సెడు డిపాజిట్టు, అక్కయ్య పెళ్లికి ముందు తెరిచి మరిచిన ఖాతా, భర్త ఎక్కడ పెట్టాడో భార్యకు చెప్పని బాండు, నామినీ గడిలో ఎవరి పేరూ రాయని ఫారం. ఇవే అయ్యుంటాయి. ఆ సొమ్మును సొంతదారులుగానీ వారసులుగానీ ఇప్పటికీ అడిగి తీసుకోవచ్చు. ఎవరి పేరున ఏముందో వెతుక్కోవడానికి 2023లో రిజర్వు బ్యాంకు 'ఉద్గమ్' అనే ఏర్పాటు కూడా చేసింది. ఇంట్లో చదువుకున్న పిల్లల్ని కూర్చోబెట్టుకుంటే పావుగంట పని.

పోపులపెట్టెలో దాచుకోండి, వద్దనను. కానీ ఎక్కడేముందో కూతురితోనో కోడలితోనో ఒక మాట చెప్పి ఉంచండి. బ్యాంకులో ఉన్నదానికి నామినీ పేరు రాయించండి. ఆయన పేరున ఉన్న కాగితాలు ఏ బీరువాలో, ఏ అరలో ఉన్నాయో ఈ ఆదివారం భోజనాలయ్యాక నెమ్మదిగా అడగండి. ఎందుకడుగుతున్నావని ఆయన కళ్లు పెద్దవి చేస్తే, నిజాంగారి మునీమ్ కథ చెప్పండి.